కోటలో కింది పేరా

బుధవారం మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో మా కోట అట్టడుగు అంతస్తులో ఉన్న గోడను తీయించాను. గోడ వెనక ఒక గది ఉంది. గదిలో మంచం, బల్ల, ఎదురెదురుగా రెండు కుర్చీలు ఉన్నాయి. బల్ల మీద ఎవరూ ముట్టని తిండి ఉంది. మనిషి లేడు. గదికి మరో తలుపు కూడా లేదు.

గోడ తీయకముందు జనాభా జాబితా చూసుకున్నాను. మా ఇచ్చోడ మిత్రుడి పేరు పెట్టుకున్న మనిషి పక్కన 'పని లేదు' అని ఉంది. అంటే బతికే ఉన్నాడు. పై అంతస్తుల్లో ఎక్కడా కనిపించలేదు కాబట్టి ఈ గదిలోనే ఉండాలి. ఆఖరి రాయి తొలగాక జాబితా మళ్లీ తెరిస్తే ఆ పేరు పక్కన మాట మారిపోయింది. ఆట ఇంగ్లీషులో ఉంటుంది. ఆ మాటను మేం పేపర్లో ఎలా వేసేవాళ్లమో అలాగే చెబుతాను: కనబడుట లేదు.

అరగంట తర్వాత ఇచ్చోడ నుంచి ఫోన్ వచ్చింది. ఆయన భార్య.

"అన్నా, మీ తమ్ముడు గిట్ట కరీంనగర్ దిక్కు వచ్చిండా?"

"రాలేదమ్మా. ఏమైంది?"

"సోమారం పొద్దుగాల బాసర పోయి రెండు దినాలల్ల వస్త అన్నడు. చేతిసంచి ఒక్కటే పట్టుకపోయిండు. ఇగ రాలే. ఫోన్ బంద్ వస్తుంది. మీకేమన్న రాసిండా?"

"ఆదివారం కోట ఫైలు పంపిండు. అండ్ల కోట ముచ్చటే ఉంది, ఇంకేం లేదు. ఫికర్ చెయ్యకు, వస్తడు."

నమ్మకంగానే చెప్పాను. అది నిజం కాదని అప్పటికి నాకు తెలియదు.

కోట అంటే రాళ్ల కోట కాదు, కంప్యూటర్ ఆట. ఒక కొండ ఉంటుంది. అందులోకి గడ్డాల పొట్టి మనుషులు తవ్వుకుంటూ పోతారు. తింటారు, తాగుతారు, తగవులాడుకుంటారు, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా దిగాలు పడిపోతారు. గోడల మీద, నేల మీద తమకు తోచిన బొమ్మలు చెక్కుతారు. వాళ్లను చేయిపట్టి నడిపించలేం, పనులు పురమాయించగలం అంతే. ఈ ఆటలో గెలుపు లేదు. ఎంత బాగా నడిపినా కోట ఏదో ఒకనాడు కూలుతుంది. కూలేదాకా నడపడమే ఆట.

నేను ఒక దినపత్రిక డెస్కులో ముప్ఫై ఏళ్లు పనిచేశాను. ఆదిలాబాద్ పేజీలు కూడా కరీంనగర్‌లోనే తయారయ్యేవి. కరోనా ఏడాది జిల్లా పేజీలు తగ్గించినప్పుడు ముగ్గురం ఒకేసారి బయటపడ్డాం. నేను, పేజీలు పెట్టే చొప్పదండి అమ్మాయి, ఇచ్చోడ నుంచి వార్తలు రాసే విలేకరి. ఆయన నాకంటే ఆరేళ్లు చిన్న. ఆ అమ్మాయికి ఈ ఆట ముందే తెలుసు. సాయంత్రం కాగానే మా చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయని గ్రహించి మాకు నేర్పింది.

"సార్‌కు పేపర్ పోయింది గని పేజీ పిచ్చి పోలే చెల్లె," అని ఆయన నన్ను ఆట పట్టించేవాడు. "కోటను గూడ ఎనిమిది కాలమ్‌ల పేజీ చేస్తుండు."

ఒక్కొక్కరు కోటను ఆటలెక్కలో ఒక ఏడాది నడపాలి. ఆ తర్వాత ఫైలు తర్వాతి వాళ్లకు మెయిల్ చెయ్యాలి. నేను, ఆ అమ్మాయి, ఆయన, మళ్లీ నేను. ఒక షిఫ్టు వాళ్లు తర్వాతి షిఫ్టుకు రిజిస్టర్లో రాసిపెట్టినట్టు, ఫైలుతోపాటు ఒక నోటు రాయాలి. ధాన్యం ఎంత ఉంది, ఎవరు చచ్చారు, ఎక్కడ నీళ్లు ఊరుతున్నాయి. ముగ్గురి పేర్లూ ముగ్గురు పొట్టి మనుషులకు పెట్టుకున్నాం.

మొదలుపెట్టేటప్పుడే ఆయన ఒక షరతు పెట్టాడు. అది అర్థం కావాలంటే మా పనిలో ఒక అలవాటు చెప్పాలి. వార్తలో ముఖ్యమైన సంగతి పైన రాస్తారు, తక్కువ ముఖ్యమైనవి కిందికి పోతాయి. ఆఖరి నిమిషంలో ప్రకటన వస్తే డెస్కువాడు కింది నుంచి కోస్తాడు. చదవనక్కర్లేదు, పొడవు చూసి కోస్తాడు. ఇచ్చోడ నుంచి వచ్చేవి ఎప్పుడూ పొడుగే కాబట్టి ఎక్కువగా కోతపడింది వాటికే. ఒకసారి ఒక ఊరికి మూడు నెలలుగా బస్సు రావడం లేదని రాశాడు. కింది పేరాలో, బస్సు రాదని తెలిసినా ఒక ముసలావిడ రోజూ మూట పట్టుకొని బస్టాపుకు వచ్చి కూర్చుంటోందని ఉందట. నగల దుకాణం ప్రకటన వచ్చింది, నేను కోశాను. మర్నాడు ఫోన్ చేశాడు.

"సార్, ముసల్ది ఏడబోయింది?"

"ఏ ముసల్ది?"

"గదే. మీరు కోసిన తోకలన్ని జమ చేస్తే ఇంకో పేపర్ ఎల్తది సార్. అసలు పేపర్ గదే ఉంటది."

ఇదీ ఆయన షరతు: "గీ కోటల మాత్రం కొయ్యొద్దు. ఏం రాసినా కింది దాక సదవాలె." సరేనన్నాను.

మా లెక్కలో మొదటి రెండేళ్లు మాట నిలబెట్టుకున్నాను. తర్వాత ఆయన నోట్లు పొడుగయ్యాయి. ఏ పొట్టివాడు ఏ బొమ్మ చెక్కాడు, ఎవడు ఎవడితో మాట్లాడటం మానేశాడు, ఇవన్నీ రాసేవాడు. నా చేయి పాత దారి పట్టింది. మూడు పేరాలు చదివి ఫైలు తెరిచేవాణ్ని. జవాబు రాయడానికి పై మూడు పేరాలు సరిపోయేవి. ఆయనకు తెలిసేది కాదనుకున్నాను.

ఆయన ఎప్పుడూ కిందికే తవ్వేవాడు. తన పేరున్న మనిషికి మాత్రం ఏ పనీ ఇవ్వనిచ్చేవాడు కాదు.

"కోటల ఒక్కడన్న పనిలేనోడు ఉండాలె గద సార్. అన్ని సూస్తడు."

వాడు నిజంగానే చూస్తూ తిరిగేవాడు. ఆ విషయం ముందు గమనించింది చొప్పదండి అమ్మాయి. "సార్, అన్న పేరోడు ఏడ నిలబడితే ఆడ్నే ఏదో ఒకటి అయితంది," అని నవ్వింది. పాత ఫైళ్లు తీసి చూశాను. రెండుసార్లు నీళ్లు తన్నుకొచ్చిన చోట, ఒకసారి కప్పు కూలిన చోట, అంతకు కాసేపటి ముందు వాడు నిలబడి ఉన్నాడు. కాకతాళీయం అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

ఆ ఆదివారం వచ్చిన నోటులో మొదటి పేరా ధాన్యం గురించి. రెండోది జననాలు, మెట్ల మీంచి పడి చచ్చిన తాపీవాడి గురించి. మూడో పేరాలో 'అట్టడుగు అంతస్తులో ఒక గది కట్టించి గోడ పెట్టించాను' అని ఉంది. అక్కడ ఆపి ఫైలు తెరిచాను.

నా వంతు మొదలైన కాసేపటికే ఒక సంగతి కనిపించింది. పని అయిపోయినవాళ్లు భోజనశాలకు పోవడం లేదు. మెట్లన్నీ దిగి ఆ గోడ ముందుకు వచ్చి నిలబడుతున్నారు. తవ్వమని గానీ, కాపలా ఉండమని గానీ నేను చెప్పలేదు. అందరూ అక్కడ చేరాలని నేను పొరపాటున గుర్తు ఏమైనా పెట్టానేమో అని వెతికాను, లేదు. సోమవారం నలుగురైదుగురు ఉన్నారు. మంగళవారానికి పదిమంది. బుధవారం మధ్యాహ్నం పదిహేడు మంది, పిల్లలను ఎత్తుకున్న తల్లులతో సహా, గోడకు ఎదురుగా నిలబడి ఉన్నారు. అందుకని గోడ తీయించాను. గది ఖాళీగా కనిపించగానే అందరూ వెనుదిరిగి ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు.

గురువారం కూడా ఆయన రాలేదు. శుక్రవారం పొద్దున చొప్పదండి అమ్మాయికి చెప్పాను. నోటు ఒకసారి తనకు పంపమంది. పది నిమిషాల్లో ఫోన్ చేసింది.

"సార్, కింది పేరా సదివిండ్రా?"

"ఏ కింది పేరా?"

ఆమే చదివి వినిపించింది. పైదంతా పేపరు భాషలో రాసిన మనిషి, ఆ ఒక్క పేరా తాను మాట్లాడినట్టే రాశాడు.

"'సార్, గోడ తియ్యకుండ్రి. అండ్ల ఒకడు కూసున్నడు, నేను చెప్పేదాక ఉండనియ్యిండ్రి. ఇంట్ల ఎవ్వరితోని లొల్లి లేదు. ఎవల తప్పు లేదు. ఊకె మనసు నిలుస్తలేదు, ఎటన్న పోవాలనిపిస్తుంది. బుధారం పొద్దటికెల్లి బాసర టేషన్ల కూసుంట. మీరు ఒక్కపారి రాండ్రి. మాట్లాడుకుందాం, ఇద్దరం కలిసి ఇంటికి పోదాం. మాపటి దాక సూస్త. ఫోన్ బంద్ పెడ్తున్న, ఇది ఫోన్ల అయ్యే ముచ్చట కాదు.'"

చదవడం ఆపి అడిగింది: "బుధారం ఏడున్నరు సార్?"

"ఇంట్లనే."

అప్పటికప్పుడు ఇద్దరం కారులో బయల్దేరాం. బాసర స్టేషన్ దగ్గర చాయ్ అమ్మేవాడికి ఫోన్‌లో ఆయన ఫొటో చూపించాను.

"గీ పెద్దమనిషా? బుధారం పొద్దున్నే వచ్చిండు. గా బెంచి మీదనే కూసుండె. రెండు చాయలు తెమ్మంటడు, ఒక్కటే తాగుతడు. ఇంకోటి ఎవలకు అంటే, వస్తుండు అన్నడు. మూడు పార్లు గట్లనే జేసిండు. సల్లారిపోతే పారబోసి మల్ల తెమ్మనుడు."

"ఎప్పటిదాక ఉన్నడు?"

"మూడింటి దాక."

"మాపటి దాక సూస్త అని రాసిండు గద," అంది అమ్మాయి మెల్లగా.

నేను చాయ్ అమ్మేవాణ్ని మళ్లీ అడిగాను. "మూడే అని ఎట్ల యాదికుంది?"

"నేను పాలకు పోయే యాళ సార్. పోయేటప్పుడు ఉన్నడు. ఎవలో పిలిచినట్టు లేసి నిలబడ్డడు. పాలు వట్టుకొని వచ్చి జూస్తే సంచి లేదు, మనిషి లేడు. చాయ గట్లనే ఉంది."

"బండేమన్న వచ్చిందా?"

"ఆ యాళకు బండి లేదు."

నేను గోడ తీసిన సమయం అమ్మాయికి తెలుసు. గోదావరి ఘాట్ దగ్గర పడవలవాళ్లను అడిగాం. పోలీసులకు చెప్పాం. ఎక్కడా ఏ జాడా దొరకలేదు.

మర్నాడు అమ్మాయితో కలిసి ఇచ్చోడ వెళ్లి ఆయన భార్యకు ఉన్నదున్నట్టు చెప్పాను. నోటు ఆదివారమే నా దగ్గరుందని, నేను కింది దాకా చదవకుండానే గది గోడ తీయించానని. ఆమె కేకలు వేయలేదు.

"కింది దాక సదివితే ఏంబోయిండె అన్నా?"

తర్వాత ఆమే, "గా అర్ర సూపియ్యుండ్రి," అంది. మంచం మీద లాప్‌టాప్ పెట్టి గది చూపించాం. గది నేలంతా బొమ్మలు చెక్కి ఉంది. ఆ బొమ్మలు ఎవరూ చెప్పి చేయించేవి కావు, ఆట తనంత తానే పుట్టిస్తుందని చెప్పాను. ఆమె విన్నది గానీ ఒప్పుకోలేదు.

"ఏం రాసుందో సదువుండ్రి."

అమ్మాయి ఒక్కో రాయి మీదికి వెళ్లి దాని బొమ్మ గురించి ఆట ఇంగ్లీషులో చూపించే మాటలు చదువుతుంటే నేను తెలుగులో చెప్పాను. ఒక రాతి మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఒకదాని మీద కొండ. ఒకదాని మీద ఇద్దరు మనుషులు, ఒకడు చేయి ఎత్తి ఉన్నాడు. ఒకదాని మీద చేపలు.

"నీళ్లున్నయా?" అంది వెంటనే.

"చేపలే ఉన్నయి. నీళ్ల మాట లేదు."

"మిగిలినయి గూడ సదువుండ్రి. ఒక్కటి ఇడువకుండ్రి."

అరవై పైచిలుకు రాళ్లు. అన్నీ చదివాం. సగానికి పైగా ఒకే రకం, ఆకులు, గొడ్డళ్లు, చుక్కలు. అయినా ఆమె తల ఎత్తకుండా వింది. గోడ ఉన్న చోటికి ఆనుకుని ఉన్న ఆఖరి రాతి మీద ఒక మనిషి, ఒక తలుపు ఉన్నాయి. మనిషి నవ్వుతున్నాడు అని ఉంది.

"పోతుండా, వస్తుండా?"

"అది రాసి లేదమ్మా."

పేపర్లో వేయడానికి ఆమె తరఫున ప్రకటన నేనే రాశాను. అలాంటివి ఎన్ని దిద్దానో లెక్కలేదు గానీ, మనిషి ఎత్తు, రంగు, చొక్కా రాస్తుంటే ఆయన చొక్కా రంగు కోసం ఆమెను రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

కోటలో కనబడకుండా పోయినవాళ్లకు పేరు చెక్కిన రాయి ఒకటి నిలబెట్టొచ్చు. నిలబెట్టకపోతే వాళ్లు దయ్యమై తిరుగుతారని ఆటలో నియమం. అమ్మాయి అడిగింది, పెడదామా అని. ఇద్దరు ధ్రువీకరించనిదే చావు వార్త వేయకూడదన్నది మా డెస్కు నియమం. పెట్టలేదు. ఆ గది అలాగే తెరిచి ఉంది, ఎవరూ అటు పోవడం లేదు. ఇంతవరకు ఏ దయ్యమూ కనిపించలేదు.

నా ఏడాది ముగించి ఫైలు అమ్మాయికి పంపాను. ఆమె తన ఏడాది నడిపి, వరస ప్రకారం ఇచ్చోడ మెయిల్‌కు పంపింది. మెయిల్ చేరలేదని వెనక్కి రాలేదు. కోట ఇప్పుడు ఆయన వంతులో ఉంది. ఇది రాస్తున్న సమయానికి ఆయన ఆచూకీ తెలియలేదు, ఫైలు తిరిగి రాలేదు.