వందన సమర్పణలో మా అమ్మ

కాలేజీలో ఉండగా ఒక తమిళ పత్రిక నన్ను విద్యార్థి విలేకరిగా తీసుకుంది. దేశాన్ని మార్చేద్దామని తమిళనాడులోని ధర్మపురి బస్టాండు దగ్గర ఎరువుల కొట్టు మీదున్న ఒంటిగది ఆఫీసుకు పోతే, ప్రజాస్వామ్యపు నాలుగో స్తంభం ఫ్యాక్స్ మిషన్లో ఇరుక్కున్న కాగితం లాగుతూ దర్శనమిచ్చింది. ఆయనే మా విలేకరి సారు.

ఆయన జర్నలిజం మొత్తం ఒక్క పూటలో నేర్పేశారు. సభకు ఎవరు అధ్యక్షత వహించారు, ముందు వరసలో ఎవరు కూర్చున్నారు, స్వాగతం ఎవరిది, చివర వందన సమర్పణ ఎవరిది. పేర్లన్నీ హోదా వరసలో రాయాలి. చోటు చాలకపోతే సేలంలో వార్తలు దిద్దే డెస్కువాళ్ళు విషయాన్ని కోస్తారు గానీ పేర్ల జోలికి పోరు. పేరు పోతే మర్నాడు ఫోను వస్తుంది, విషయం పోతే ఎవరూ చెయ్యరట. ఇంత జ్ఞానం ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు.

ఆ రోజుల్లోనే పాపారపట్టి దగ్గర మా ఊళ్ళో వీధి కొళాయిల ప్రారంభోత్సవం వచ్చింది. మా అమ్మ పెళ్ళయి వచ్చినప్పటి నుంచి చేల అవతలి చేతిపంపు నుంచే నీళ్ళు మోస్తోంది. నడుము వంగిపోయింది. కొళాయి వస్తే ఆ మోత తప్పుతుందని నాకు ఎంత ఆశో. ముందురోజు లారీతో ట్యాంకు నింపుతుంటే ఊరంతా చూశాం, చూడనట్టు ఉన్నాం. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి కొళాయి తిప్పాడు, నీళ్ళొచ్చాయి, ఫోటో తీశారు. పార్టీ నాయకుడొకాయన అందరికీ వందనాలు చెబుతుండగా బిందెల వరసలోంచి అమ్మ లేచింది.

"కార్లు పోయినంక గూడా నీళ్ళు వస్తాయా సామీ?"

వేదిక మీది వాళ్ళు వినపడనట్టు నవ్వారు. కార్లు పోయాయి. మర్నాటికి నీళ్ళూ పోయాయి.

అమ్మ అడిగిందీ, నీళ్ళు ఆగిందీ నేను మొదటి వాక్యంగా రాశాను. సారు కొట్టేశారు. ఇది వార్త కాదు, ఫిర్యాదు అన్నారు. సభలో హోదా ఉన్నవాళ్ళు అంటేనే వార్తట. సరే, అమ్మకు నేనే హోదా ఇచ్చాను. సాఫుగా రాసి ఫ్యాక్స్ చేసే పని నాదే గనుక, చివర ఇలా చేర్చాను: కార్లు వెళ్ళాక కూడా నీళ్ళు వస్తాయా అని అడిగి ఊరి తరఫున ఫలానా ఆమె (అక్కడ అమ్మ పేరే పెట్టాను) వందన సమర్పణ చేశారు, మర్నాటి నుంచి నీళ్ళు రాలేదు.

డెస్కువాళ్ళు ముఖ్య అతిథి ప్రసంగం కోసేశారు. వందన సమర్పణ జోలికి మాత్రం పోలేదు, గురువుగారి మాట వమ్ము కాలేదు. పేపరు ఇంటికి తెస్తే, ఏ అక్షరమూ రాని అమ్మ తన పేరెక్కడుందని అడిగింది. వేలు కొంగుకు తుడుచుకుని నేను చూపించిన చోట పెట్టింది. నా గుండె నిండిపోయింది.

ఫోను రానే వచ్చింది. నీళ్ళ గురించి కాదు, వందనాలు చెప్పింది తానని ఆ నాయకుడు. సారు నన్ను ఉతికి ఆరేశారు. మర్నాడు సవరణ పడింది: వందన సమర్పణ చేసినది ఆయనే అని చదువుకోవాలి. నీళ్ళు రాలేదన్న మాటను సవరించమని మాత్రం ఎవరూ అడగలేదు.

ఈ పొద్దు గూడా నా పేరుందా అంది అమ్మ. తీసేసినారని చెప్పాను.

"నీళ్ళ మాట?"

"అది తీయలేదమ్మా."

"అయితే సరే," అని బిందె చంకన పెట్టుకుని చేతిపంపు దారి పట్టింది.