ఒక్క ‘గారు’ తక్కువైనందుకు

పోయిన వారం పొద్దున డ్యూటీకి బయలుదేరుతుంటే మా ఊరు విడపనకల్లు నుంచి ఫోన్ వచ్చింది. మా హైస్కూలు సైన్సు సారు కొడుకు. “అక్కా, నాయన పోయినాడు” అన్నాడు.

సారును తలుచుకుంటే ముందు కళ్లనీళ్లు రావాలి. నాకు కోపం వస్తోంది. అది ఆయన కోపమే, ఇన్నేళ్లుగా నేను దాచుకున్నాను.

తొంభైల చివర్లో నర్సింగ్ కాలేజీ ఇంటర్వ్యూకు నన్ను కోస్తాలోని దూరపు పట్నానికి తీసుకుపోయింది ఆయనే. మా నాయనకు ఆ ఊరి దారి తెలియదు. బస్సులో వేయించిన చెనక్కాయలు దోసిట్లో పోసి, తిను పాపా, ఖాళీ కడుపుకు భయమెక్కువ అన్నారు. మార్కులు బాగానే ఉన్నాయి, సీటు వస్తుందనే అనుకున్నాం.

లోపల టేబుల్ వెనక ముగ్గురు. ఇంట్లో ఏం చేస్తారని అడిగారు. “మా నాయన సేద్యం చేస్తాడు. వాన లేకపోతే బళ్లారికి కూలికి పోతాడు” అన్నాను. ఒకాయన నవ్వాడు. కన్నతండ్రినే ‘చేస్తాడు, పోతాడు’ అనే పిల్ల రేపు రోగులతో ఏం మర్యాదగా మాట్లాడుతుందని పక్కావిడతో అన్నాడు, నాకు వినపడేలాగే. ఇంకో ప్రశ్న వేయలేదు.

బయటికొచ్చి చెప్తే సారు నేరుగా లోపలికి పోయారు. గొంతు పెంచలేదు.

“మా సీమలో నాయన్ను అట్లే అంటారు సార్. ప్రేమ ఉండాది కాబట్టే గారు లేదు. దానికి మార్కులు యాడ తీసినారు, ఆ కాగితం చూపీండి.”

కాగితం చూపించలేదు. సీటూ ఇవ్వలేదు. తన గురించి నేను చెప్పిన తీరుకే సీటు పోయిందని మా నాయనకు ఎలా చెప్పాలో తెలియక, మార్కులు చాలలేదని అబద్ధం చెప్పాను.

ఆ ఏడాది నుంచి సారు ఆదివారాలు స్కూలు వరండాలో ఉత్తుత్తి ఇంటర్వ్యూలు మొదలుపెట్టారు. టేబుల్ వెనక ఆయన, ఎదురుగా నేనూ, నాలాగే ఇంటర్వ్యూలకు పోవాల్సిన ఊరి పిల్లలూ. కోస్తా యాస పట్టి ప్రశ్నలడిగేవారు. అది ఆయన నోట ఎంత వంకరగా వచ్చేదంటే మేము పగలబడి నవ్వేవాళ్లం. నవ్వితే భయం పోతుందని ఆయన లెక్క. తెలియనిది తెలియదని చెప్పమనేవారు. కూర్చోమనేదాకా కూర్చోవద్దనేవారు. చివర్న అందరి చేతా పదేసి సార్లు అనిపించేవారు: ‘మా నాన్నగారు వ్యవసాయం చేస్తారండి.’

ఒకసారి అది వింటూ వింటూ సుద్దముక్క టేబుల్ మీద పడేసి లేచారు.

“మీ నాయన్ను మీ నోట్లో నుంచి నేనే తీసేస్తాండా. ఈ మాట ఆ గదిలోనే అనండి. బయటికొచ్చినాక ఆడనే పారేసి రాండి.”

మరుసటి ఏడాది అదే కాలేజీ, అవే మార్కులు. ఆ వాక్యం అప్పజెప్పాను, సీటిచ్చారు. మా నాయన సంతోషంతో వీధంతా చెప్పుకున్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఏడాదిలో నాలో పెరిగిన అర్హత ఒక్క ‘గారు’ మాత్రమేనా? సారుకు చెబితే, మీకైతే ఈ మాట నేను నేర్పినాను, పక్కూరి పిల్లకు ఎవరు నేర్పుతారు పాపా అని తల పట్టుకున్నారు. ఇప్పుడు వార్డులో మా వైపు ముసలాయన వస్తే “ఏమప్పా, యాడ నొస్తాంది?” అంటాను. మర్యాద తక్కువైందని ఇంతవరకు ఏ రోగీ నా మీద ఫిర్యాదు చేయలేదు.

ఫోన్ వచ్చిన రోజే సెలవు పెట్టి ఊరికి పోయాను. స్కూలు వరండాలో అదే టేబుల్ మీద ఆయన ఫోటో పెట్టారు. నర్సులు, టీచర్లు, ఒక లాయరు, ఆదివారాల పిల్లలందరూ వచ్చారు. ఒకరినొకరు పట్టుకుని అందరూ అన్నది ఒకే మాట, సారు పోయినాడు అని. ఒక్కరూ ‘గారు’ అనలేదు. గోడవారన కుర్చీలు వేసే ఉన్నాయి. ఆయన ఎదురుగా చాలాసేపు నిలబడే ఉన్నాం. కూర్చోమని ఆయన అనలేదు కదా.