జూలై సరే, సంతకం?

పనిమీద భిలాయి వెళ్లి, అక్కడి కోహ్కా పేటలో అప్పలనాయుడు గారి మేడమీద గదిలో వారం రోజులున్నాను. ఆయనది శ్రీకాకుళం. స్టీలు ప్లాంటులో ఇనుము కరిగించే ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరయ్యారు. వీపున ఇటుకల సంచితో రోజూ మెట్లు ఎక్కిదిగుతున్న నన్ను ఓ సాయంత్రం ఆపారు.

“ఏటి బాబూ ఇది?”

ఆఫ్రికాలో కిలిమంజారో ఎక్కబోతున్నానని, దానికే ఈ సాధన అని, అది అగ్నిపర్వతమని చెప్పాను.

“ఎప్పుడెల్తన్నావు?”

“జూలైలోనండి. మనకు వానలుగానీ అక్కడ ఉండవు. అన్నీ చూసుకునే ఆ నెల ఎంచుకున్నాను.”

“వాన సంగతి కాదు నానడిగింది. నిప్పు ఆరిపోనాదని సంతకం ఎవులెట్టినారు?”

“ఎవరూ పెట్టరండి. అది ఎప్పటినుంచో నిద్రలో ఉంది.”

“మా ఫర్నేసు షట్‌డౌన్లో ఉన్నా సరే, పర్మిట్ మీద సంతకం లేకండా ఎవుల్నీ లోపలికెల్లనిచ్చీవోలం కాదు. కాగితం పక్కాగా సూసుకునెల్లు.”

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

జూలైలో కొండ కింద గేటు దగ్గర నిజంగానే ఒక కాగితం ఇచ్చారు. ఏం జరిగినా పూచీ ఎక్కేవాడిదేనని అందులో ఉంది. అడుగున సంతకం చోటు ఖాళీగా ఉంది. కాసేపు చూసి, నేనే పెట్టాను.