దాలమ్మ పేరు పిలవని రోజు

ముందే చెబుతున్నాను, దెయ్యాలంటే నాకు నవ్వు. వేదాంతమన్నా అంతే. మా మావ ప్రవచనాలు విని వచ్చి, ఉన్నది ఒక్కటేననీ, నువ్వూ నేనూ అని వేరుగా కనబడటం భ్రమేననీ చెబుతుంటే, "అయితే మావా, నా కూడూ నువ్వే తినీ, నా కడుపు నిండిపోద్ది" అని ఆటపట్టించేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసేదాన్ని. అక్కడ పప్పు ఆరబెట్టే వేడి గది ఉండేది. ఇనుప తలుపు, బయట గొళ్ళెం. లోపల ట్రేలు సర్దడానికి వెళ్లినవాళ్లను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, అందరూ బయటికొచ్చాకే గొళ్ళెం వెయ్యాలి.

ఆ రోజు ఆ పని నాది. లోపలికి వెళ్లింది ముగ్గురు. ఇద్దరిని పిలిచాను, వచ్చారు. మూడో మనిషి దాలమ్మ. కిటికీ పక్క చోటు కోసం పోట్లాడుకుని నెల్లాళ్లుగా మాకు మాటల్లేవు. నా నోటితో దాని పేరు పలకడమా! ఎప్పుడో వచ్చేసి ఉంటుందిలే అనుకుని, గొళ్ళెం వేసి అన్నానికి వెళ్లిపోయాను.

మొదటి ముద్ద కలిపాను. చూస్తే ఆ చెయ్యి నాది కాదు. మణికట్టు మీద జీడి చమురుకు కాలిన మచ్చ. ఆ మచ్చ దాలమ్మకుంది, నాకు లేదు. తలెత్తితే వరసలో కూర్చున్న పదిమందికీ దాలమ్మ ముఖమే! పట్టపగలు, మంచి వెలుతురు. నాకు జ్వరం లేదు, నిద్రమత్తూ లేదు. గొంతు ఎండిపోయి ఒళ్లంతా సెగలు పుట్టాయి.

అన్నం వదిలేసి పరిగెత్తాను. తలుపు తీస్తే గడప దగ్గరే పడి ఉంది. ఊపిరాడుతోంది. నలుగురం మోసుకొచ్చి నీళ్లు చల్లాం. అది కళ్లు తెరిచేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు. అప్పుడు చూసుకుంటే నా చెయ్యి నాదే, మచ్చ లేదు.

సాయంత్రం ఆసుపత్రిలో దాని కాళ్లు పట్టుకుని ఏడ్చేశాను. "గొళ్ళెం ఎట్టింది నానేనే. పంతానికి పోయి నీ పేరు పిలవనేదు."

దాలమ్మ నా చెయ్యి పట్టుకుంది. "లోపల తలుపు బాదుతుంటే, బయట గొళ్ళెం ఎట్టిన సెయ్యి నాదేననిపించినాదే. ఇంకెవుల్ని తిట్టను?" అంది.

నేను చూసింది అప్పటికి దానికి చెప్పనేలేదు.

ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. దాలమ్మ బతికింది, నాకు అదే పదివేలు. ఎవరికి దండం పెట్టాలో తెలియక, ఎదురొచ్చిన ప్రతి మనిషికీ మనసులోనే దండం పెట్టుకుంటున్నాను.