ఉండా? పరుగా?

తెనాలి వెంకట్రామయ్య దృష్టిలో ఈ భూమ్మీద ప్రాణులు రెండే రకాలు: ముట్టుకుంటే ఉండ చుట్టుకునేవి, ముట్టుకుంటే పరుగెత్తేవి. పూలకుండీ జరిపితే అడుగున తడిలో కదిలే బూడిదరంగు పురుగుల్ని మనం చీపురుతో ఊడ్చేస్తాం. ఆయన వాటిని చిల్లుల మూతల డబ్బాల్లో, తడిమట్టీ ఎండుటాకులూ వేసి ముద్దుగా పెంచుతాడు. పుస్తకాల్లో వాటి పేరు ఐసోపాడ్లు. "పురుగులనకండి, రొయ్యలకు చుట్టాలు," అంటాడు. ఆ మాట విన్నాక ఆ ఇంట్లో రొయ్యల కూర ఎవరికీ సయించలేదు.

ఆయన అన్న కూతురు భువనేశ్వరి ఆ ఇంటికి వచ్చేనాటికి బతుకు మీద ఆశ వదిలేసుకుని ఉంది. రేపల్లెలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. ఒకరోజు పాఠం మధ్యలో నోట మాట ఆగిపోయింది. పిల్లలు ముందు నవ్వారు, తర్వాత భయపడ్డారు. సుద్దముక్క బల్ల మీద పెట్టి బయటికి వచ్చేసింది. మళ్లీ ఆ కాలేజీ గడప తొక్కలేదు. పాఠం చెప్పడం తప్ప తనకు మరో పని రాదు, ఆ పని ఇక ఈ జన్మకు చేతకాదు. బాబాయి ఇంట్లో వెనకగదిలో పడుకుని గోడకేసి చూస్తూ ఉంటే చాలనుకుంది.

చూడనిస్తేగా! గుమ్మంలోనే బాబాయి డబ్బాతో ఎదురొచ్చాడు.

"అమ్మలూ, ఇది ఉండా, పరుగా?"

"నాకు తెలీదు బాబాయ్."

"చూసి చెప్పు. వీపు గుండ్రంగా ఉందా, పలకలా ఉందా? వెనక రెండు తోకలు కనపడుతున్నాయా?"

"ఆఁ, ఉన్నాయి."

"అయితే పరుగు! బుల్లితోకలు బయటికి పొడుచుకొచ్చాయంటే ఇంక చుట్టుకోదు, పరుగెత్తడమే."

ఆమె లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఆనాటి నుంచి కాఫీతో పాటు డబ్బా, టిఫిన్‌తో పాటు డబ్బా.

ఇంతలో సంగతి చుట్టాలందరికీ పాకింది. దుగ్గిరాల నుంచి హనుమంతరావు మామయ్య దిగాడు. "ఏంటమ్మాయ్, నీకేం తక్కువైందని మానేశావ్?" అన్నాడు కూర్చోకముందే. భువనేశ్వరి వెనకగది వైపు అడుగేసింది. వెంకట్రామయ్య డబ్బా తెచ్చి, మూత తీసి, ఆయన ఒళ్లో పెట్టాడు.

"బావగారూ, ఇందులో ఉండలు ఏవో, పరుగులు ఏవో మీరే చెప్పాలి."

"ఇవేంటి బావా, కదులుతున్నాయి!"

"కదిలేవి పరుగులండి. అయ్యో, ఒకటి మీ పంచెలోకి..."

హనుమంతరావు కాఫీ కూడా తాగలేదు. వీధి మలుపు దాకా పంచె దులుపుకుంటూనే వెళ్లాడు.

"మీ మామయ్య పరుగు," అని తేల్చాడు వెంకట్రామయ్య.

ఆ తర్వాత వచ్చిన వాళ్లందరికీ అదే మర్యాద. భువనేశ్వరికి తల బద్దలు కొట్టుకోవాలనిపించింది. ఈయనకు మనుషుల కంటే పురుగులే ఎక్కువ. తన ఖర్మ కాకపోతే తలదాచుకోవడానికి ఈ కొంపే దొరకాలా?

బాపట్లలో ఒక కాలేజీ వాళ్లు, ఉద్యోగం కోసం తమ దగ్గరికి వచ్చి ఒక పాఠం చెప్పి చూపించమని కబురు పెట్టారు. "నా వల్ల కాదు పిన్నీ," అంది భువనేశ్వరి. పిన్ని వసుంధర బాబాయి వైపు చూసింది. ఆయన ఉండ చుట్టుకున్న పురుగునొకదాన్ని తడి ఆకు మీద పెడుతున్నాడు.

"దీన్ని పొడిచి తెరవకూడదమ్మలూ. చెమ్మ తగలనిచ్చి ఊరుకుంటే అదే విప్పుకుంటుంది."

ఇప్పుడు కూడా పురుగుల గోలేనా అని ఆమెకు ఏడుపొచ్చింది.

ఆయన కొత్త పురుగుల కోసం రేపల్లె వెళ్లిన పూట జంపని నుంచి హైమావతి అత్తయ్య వచ్చింది.

"నోరు పడిపోయిందంట కదే? అసలు ఆరోజు ఏమైందో మొదట్నుంచీ చెప్పు."

భువనేశ్వరి గుమ్మం వైపు చూసింది. అడ్డం పడడానికి బాబాయి లేడు. దిక్కుతోచక బల్ల మీది డబ్బా తీసి అత్తయ్య ఒళ్లో పెట్టింది.

"ఇవి రెండు రకాలు అత్తయ్యా. ఇదిగో, వీపు గుండ్రంగా ఉందే, ఇది ఉండ. ఇది చూడండి, పలకగా ఉంది, వెనక రెండు తోకలు. ఇది పరుగు."

హైమావతి లేచిపోలేదు. కళ్లజోడు సవరించుకుని వంగింది.

"మరి చుట్టుకున్నది లోపల ఊపిరాడక చావదటే?"

"బాగా అడిగారు అత్తయ్యా! లోపలి చెమ్మ ఆరిపోకుండా దాచుకోవడానికే అది చుట్టుకునేది. ఆ చెమ్మ ఉంటేనే దానికి ఊపిరి..."

'బాగా అడిగారు' అనేది ఆమె క్లాసులో అనే మాట. నోటి నుంచి వచ్చేశాక గానీ తనేం చేస్తోందో ఆమెకు తెలియలేదు. కాఫీ చల్లారేదాకా చెబుతూనే ఉంది. అత్తయ్య వచ్చిన పని మర్చిపోయి, తన పూలకుండీలు తిరగేస్తానంటూ ఇంటికి వెళ్లింది.

గుమ్మం దగ్గర వసుంధర నవ్వుతూ నిలబడి ఉంది. "ఆ డబ్బాలు ఇన్నేళ్లూ పెరట్లో నీళ్లతొట్టి పక్కనే ఉండేవే. నువ్వొచ్చాకే ముందుగదిలోకి తెచ్చారు. గేటు చప్పుడైతే చాలు, డబ్బా పట్టుకుని లేస్తారు. 'పిల్ల చుట్టుకుని ఉంది, ఎవరూ పొడవకుండా చూడాలి' అంటారు. ఇక్కడి వేడికి బోలెడు చచ్చిపోయాయి. ఆ పూట అన్నం కూడా తినలేదు. రేపల్లె ఎందుకెళ్లారనుకున్నావ్?"

భువనేశ్వరి డబ్బాలన్నీ ఒక్కొక్కటే మోసుకెళ్లి నీళ్లతొట్టి పక్కన పెట్టింది.

పాఠం చెప్పి చూపించడానికి భువనేశ్వరి ఎక్కిన బాపట్ల రైలు కదులుతుండగా బాబాయి కిటికీలోంచి ఒక చిన్న డబ్బా అందించాడు.

"ఇదెందుకు బాబాయ్?"

"మాట ఆగిందనుకో, మూత తీసెయ్. క్లాసంతా బెంచీలెక్కుతుంది. ఇంక నిన్ను చూసేదెవరు?"

ఎదురు సీటులో చేపలబుట్ట పెట్టుకున్న ఆవిడ అడిగింది: "డబ్బాలో ఏంటమ్మా అది?"

భువనేశ్వరి మూత తీసింది. "ఇవి రెండు రకాలండి..."

నిడుబ్రోలు దాటేసరికి రైలుపెట్టెలో సగం ఖాళీ అయింది. మిగతా సగం ప్రశ్నలడుగుతోంది.