చార్టులో దిష్టి

మా మనవరాలికి ఆరు వారాలు. పాలు ఎన్నింటికి తాగింది, ఎన్ని డైపర్లు మార్చాం, అన్నీ ఫ్రిజ్ మీద అంటించిన చార్టులో రాయాలని మా అమ్మాయి, అల్లుడు పెట్టుకున్న నియమం. ఈ మధ్యాహ్నం పాప పాలు ముట్టకుండా ఒకటే ఏడుపు. అమ్మాయి అలసి నిద్రపోతోంది. 'సింప్టమ్స్' గడిలో నేనే ఇంగ్లీషు అక్షరాలతో 'దిష్టి' అని రాశాను.

ఇక్కడే అమెరికాలో పుట్టి పెరిగిన అల్లుడు కంగారుగా డాక్టరు ఆఫీసుకి ఫోన్ చేసి, చార్టు చదివి, నర్సుకి దిష్టి స్పెల్లింగ్ కూడా చెప్పాడు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు.

"మామయ్యగారూ, దిష్టి అంటే రాషా, ఫీవరా? ఎప్పట్నుంచి ఉంది అని అడుగుతున్నారు."

"నిన్న మీ ఫ్రెండ్స్ వచ్చి వెళ్లినప్పట్నుంచి."

జ్వరం లేదని తెలుసుకుని, భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించమంది నర్సు. రెండు త్రేన్పులతో పాప తేరుకుని సీసా ఖాళీ చేసింది. అమ్మాయి లేచి చార్టు చూసి నవ్వింది. "అయినా ఓసారి తీసెయ్ నాన్నా" అంది.

మా ఇంట్లో ఆ పని మా ఆవిడది. ఆవిడ పోయి పది నెలలైంది. పక్కన నిలబడి ఎన్నోసార్లు చూశాను కానీ, చూసింది ఆవిడనే అయ్యుండాలి. ఉప్పు పట్టుకున్న చెయ్యి ముందు ఎటు తిప్పాలో గుర్తు లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.