గోడ కింద ఎవరున్నారు?

వానకు ముందు లేచే దుమ్ముగాలి వాసన తగిలితే ఇప్పటికీ నా అరచేతులు మండినట్టవుతాయి. మొన్న సాయంత్రం కరీంనగర్ బస్టాండు దగ్గర అలాగే దుమ్ము లేచింది. అందరూ కొంగులు, రుమాళ్లు అడ్డం పెట్టుకుని పరుగెత్తారు. నేను నిలబడిపోయాను. రాజేశ్వరి మేడం గొంతు మళ్లీ చెవుల్లో వినిపించింది.

తొంభైల మొదట్లో, ఎండకే నీళ్లు కాగుతాయంటే మా ఊళ్లో నమ్మేవాళ్లు తక్కువ. ఖానాపూర్ దగ్గరి వ్యవసాయ కుటుంబంలో పుట్టి ఇంజనీరింగ్ చదివిన మేడం, కరీంనగర్‌లో సోలార్ హీటర్లు బిగించే చిన్న కంపెనీ పెట్టారు. నేను అందులో ఫిట్టర్ని. అద్దం కింద నల్లటి రాగిరేకు, గొట్టాలు ఉండే బరువైన ప్యానెళ్లను మేడల మీదికి చేర్చి బిగించడం మా పని. నీళ్లు నింపని ప్యానెల్ ఎండకు పెనంలా కాలుతుంది. అందుకే మేడం దాని మీద గోనెపట్టాలు కప్పించేవారు. “కాలినంక మందు పెట్టుడు సులువే తమ్మీ. కాలకుంట చూసుకునుడే మన పని,” అనేవారు.

ఆ రోజు ఒక ప్రైవేటు ఆసుపత్రి మూడో అంతస్తు మీదికి ప్యానెళ్లు లాగుతున్నాం. గోడ నీడలో రోగుల తాలూకువాళ్లు సద్దిమూటలు విప్పుకుని తింటూ కూర్చున్నారు. వాళ్లను అవతలికి పంపి, అడ్డంగా తాడు కట్టి, కాపలాకు మా పనివాడు సత్తయ్యను నిలబెట్టేదాకా మేడం పని మొదలుపెట్టనివ్వలేదు. ఆసుపత్రి నడిపే డాక్టరుగారు విసుక్కున్నారు. “రేపే హీటర్ల ప్రారంభం. మీరింకా మనుషుల్నే జరుపుతున్నరా?”

మేడం పైకొచ్చి, మా నడుములకు కట్టిన తాళ్లు స్తంభానికి గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూశారు. నేనూ తోటి ఫిట్టరు మల్లేశమూ తాడుతో ప్యానెల్‌ను లాగుతుంటే పడమట ఆకాశం ఎర్రబారింది. “ఆపుండ్రి. దించుండ్రి,” అన్నారు మేడం. సగం దించామో లేదో గాలి విరుచుకుపడింది. ప్యానెల్ తెరచాపలా ఎగిరి గోడను కొట్టుకుంది. మల్లేశం పట్టు జారింది. బరువంతా నా మీద పడింది. తాడు అరచేతులను కోస్తూ నన్ను పిట్టగోడ దాకా ఈడ్చింది. నడుము తాడు బిగుసుకుని ఊపిరాడలేదు.

“ఇడ్శిపెట్టు తమ్మీ! పోతే పోనీ, ఇడ్శిపెట్టు!”

చేతులు తెరిచాను. క్షణం తర్వాత కింద అద్దం భళ్లుమంది.

మేడం పిట్టగోడ మీంచి వంగారు. కింద దుమ్ము తప్ప ఏమీ కనబడడం లేదు. “సత్తన్నా! ఎవలన్న ఉన్నరా కింద?” జవాబు లేదు. మళ్లీ పిలిచారు. ఈసారి అరిచారు. అప్పుడు దుమ్ములోంచి వినిపించింది: “ఎవ్వలు లేరు మేడం! అందరం గోడెనుక ఉన్నం!”

ఆమె అక్కడే కూలబడ్డారు. అంతటి మనిషి భయపడడం నేను చూసింది అదే మొదటిసారి.

డాక్టరుగారు పైకొచ్చి, పని ఇంకొకరికి ఇస్తానన్నారు. “ఇయ్యుండ్రి సార్. ఎవలు జేసినా గా గోడ కిందికి జనాన్ని రానియ్యకుండ్రి,” అని మేడం లేచారు. అన్నట్టే ఆ పని మాకు దక్కలేదు. మెట్లు దిగాక కుళాయి తిప్పి, తోలు లేచిన నా అరచేతులను నీళ్ల కింద పట్టారు. “ప్యానెల్...” అనబోయాను. “దాని ముచ్చట ఇయ్యాల తియ్యకు. మంట తగ్గిందా?” అన్నారు.

మేడం పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా కింద నలుగురు ఫిట్టర్లున్నారు. మేడ ఎక్కగానే వాళ్లు ఎండ ఎటు పడుతుందో చూసుకుంటారు. నేను పిట్టగోడ దగ్గరికి వెళ్లి, ముందు కింద ఎవరున్నారో చూస్తాను.